పద్దెనిమిది నెలలకి ముగిసే కథ

శ్రీకూర్మం గుడిలో కలుసుకుందామన్నది ఆవిడే. ఇంటికి రావద్దంది. "కొత్తమనిషొస్తే ఊరంతా అడుగుతాది. గుళ్ళో అయితే ఎవులూ అడగరు. ఎవులేడిసినా సచ్చిపోయినోల్ల కోసవే అనుకుంటారు" అని ఫోన్లో చెప్పింది. నిజమే. పితృకార్యాలకి కాశీ అంతటి చోటు శ్రీకూర్మం అని నమ్మేవాళ్ళు మా విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఇంటింటికీ ఉంటారు. చిన్నప్పుడు మా తాతయ్య అస్థికలతో మా నాన్న వెంట నేనూ ఒకసారి వచ్చాను. కళ్ళు తుడుచుకుంటూ కూర్చున్న మనిషిని ఎందుకేడుస్తున్నావని అక్కడ ఎవరూ అడగరు. హెచ్.ఐ.వి. ఉన్న ఒక స్త్రీ తన సంగతి చెప్పుకోవడానికి జిల్లా మొత్తంలో ఎంచుకున్న చోటు అది. నాకు తెలిసిన ఏ పరిశోధక బృందమూ ఇంత తెలివైన చోటు వెతకలేదు.

అది 2014. తెలుగు సాహిత్యంలో పిహెచ్.డి. చేస్తూ, స్కాలర్‌షిప్ సమయానికి రాక, అనువాదాల మీద నెట్టుకొస్తున్న రోజులు. అంతకు ముందు ఏడాది ఒక ఆరోగ్య పరిశోధన ప్రాజెక్టు వాళ్ళు ఇంగ్లీషు ఫారాలు ఇచ్చి తెలుగు చేయమన్నారు. హెచ్.ఐ.వి. ఉన్న గర్భిణుల్నీ, వాళ్ళ బిడ్డల్నీ కొన్నేళ్ళ పాటు వెంబడించి చూసే పని వాళ్ళది. పేజీకి ఇంత అని మాట్లాడుకున్నాం. నేను చేసిన తెలుగు అర్థమవుతోందో లేదో చూడడానికి కొంతమంది స్త్రీలకి చదివి వినిపించాం. వాళ్ళలో ఈవిడ ఒకరు. పదో తరగతి దాకా చదువుకున్న మనిషి. భర్త గుజరాత్ వెళ్ళి వెరావల్‌లో చేపల బోట్ల మీద పనిచేసేవాడు. 2010లో పురిటికి ముందు చేసిన పరీక్షలో విషయం బయటపడింది. నొప్పులప్పుడు ఒక మాత్ర ఇచ్చారు, పుట్టిన బిడ్డకి చుక్కల మందు వేశారు. పద్దెనిమిది నెలలకి చేసిన పరీక్షలో బాబుకి లేదని తేలింది.

ఆ రోజు గుళ్ళో తాబేళ్ళని ఉంచిన చోటికి దగ్గర్లో కూర్చున్నాం. నా సంచిలో పాత ఫారం ఒకటి ఉంది. ఆవిడ తీసుకుని చివరిదాకా చదివింది. ఆఖరి వరసలో నాలుగు గడులు. వాటిలో ఒకదానికి ఇంగ్లీషులో ఉన్నదాన్ని నేను "జాడ తెలియనివారు" అని తెలుగు చేశాను. ఆవిడ దాని మీద వేలు పెట్టింది.

"ఈ గడిలో నన్నేసినారా?"

ఏమో అప్పా, తెలీదన్నాను.

"నానెక్కడికీ ఎల్లలేదమ్మా. అదే ఇల్లు, అదే వీధి. బాబుకి నేదని సెప్పినాక మీవోళ్ళే రావడం మానీసినారు."

సాహిత్య విద్యార్థిగా నేను చదివిన ఏ విమర్శ సిద్ధాంతమూ నన్ను అంత సూటిగా తగల్లేదు. "జాడ తెలియనివారు" అన్న ఆ రెండు మాటల్లో ఒక కర్త దాక్కున్నాడు. ఎవరికి తెలియదు? ఎవరు వెతికారు? తప్పిపోయినట్టు కనిపించేది స్త్రీ, తప్పించుకున్నది వాక్యం రాసినవాళ్ళు. ఇంగ్లీషులో ఉన్న ఆ తప్పుని నేను చక్కని తెలుగులోకి దించి డబ్బులు తీసుకున్నాను.

అప్పటినుంచీ నేను ఈ పరిశోధనల్ని కథలు చదివినట్టు చదువుతున్నాను. ఎవరు చెబుతున్నారు, ఎవరి గురించి చెబుతున్నారు, ఎక్కడ మొదలుపెట్టారు, ఎక్కడ ఆపారు అని. వాటిని కొట్టిపారేయడం నా ఉద్దేశం కాదు. ఆవిడ కొడుకు ఆరోగ్యంగా ఉండడానికి కారణం ఆ పరిశోధనలే. ఆ మాట ముందే చెప్పుకోకపోతే ఈ విమర్శకి నిజాయితీ ఉండదు.

1994లో అమెరికా, ఫ్రాన్సుల్లో జరిగిన 076 అనే అధ్యయనం ఫలితాలు వచ్చాయి. గర్భిణికి, తర్వాత శిశువుకి జిడోవుడిన్ ఇస్తే, తల్లి నుంచి బిడ్డకి వైరస్ సోకడం నూటికి 25.5 నుంచి 8.3కి పడిపోయిందని తేలింది. వైద్య చరిత్రలో గొప్ప మలుపు. ఆ వెంటనే ఇంకో అధ్యాయం మొదలైంది. ఆ మందు ఖరీదైనది, పద్ధతి పెద్దది, పేద దేశాలు భరించలేవు. కాబట్టి ఆఫ్రికాలోనూ థాయ్‌లాండ్‌లోనూ తక్కువ రోజుల మందుని పరీక్షించారు. అందులో సగం మంది స్త్రీలకి ఇచ్చింది ఉత్తుత్తి మాత్ర. పనిచేసే మందు ఉందని తెలిసిన తర్వాత ఇది న్యాయమా అని పీటర్ లూరీ, సిడ్నీ వోల్ఫ్ 1997లో ప్రశ్నించారు. ఆ దేశాల్లో మామూలుగా అందే వైద్యమే "ఏమీ లేకపోవడం" కాబట్టి తప్పు లేదని అటువైపు వాదించారు. 1998లో థాయ్‌లాండ్ ఫలితం వచ్చింది. తక్కువ రోజుల మందు కూడా సోకడాన్ని సగానికి తగ్గించింది. లాభం నిజం. ఉత్తుత్తి మాత్ర మింగిన స్త్రీల బిడ్డలూ నిజం. పేదరికాన్ని ప్రకృతి నియమంలాగా లెక్కలోకి తీసుకున్న వాక్యం మాత్రం మనకి బాగా పరిచయమైనదే. "మనలాంటోళ్ళకి ఇదే ఎక్కువ" అని మన పల్లెల్లో ఆడపిల్లలకి చెప్పేదీ అదే కదా.

1999లో ఉగాండాలోని కంపాలా నుంచి ఇంకో ఫలితం వచ్చింది. నొప్పుల సమయంలో తల్లికి ఒక్క నెవిరపిన్ మాత్ర, పుట్టిన మూడు రోజుల్లో బిడ్డకి ఒక మోతాదు. 14 నుంచి 16 వారాల వయసుకి బిడ్డలకి సోకడం, కొద్దిరోజుల జిడోవుడిన్ ఇచ్చినవాళ్ళలో నూటికి 25.1 ఉంటే వీళ్ళలో 13.1. చవక, సులువు. ప్రపంచమంతా, మన దేశంతో సహా, ఆ ఒక్క మాత్రని పట్టుకుంది. ఆవిడ 2010లో మింగింది అదే.

ఆ మాత్ర తల్లి శరీరంలో ఏం చేసింది? నెవిరపిన్ రక్తంలో చాలా రోజులు నిలుస్తుంది. తోడుగా వేరే మందు లేకపోతే వైరస్ దానికి లొంగకుండా తయారవడానికి అవకాశం దొరుకుతుంది. 2004లో థాయ్‌లాండ్ నుంచి వచ్చిన అధ్యయనం ఈ సంగతి లెక్కలతో చెప్పింది. పురిటిలో నెవిరపిన్ తీసుకున్న స్త్రీలు తర్వాత తమ కోసం నెవిరపిన్ కలిసిన చికిత్స మొదలుపెడితే, ఆరు నెలలకి వైరస్ పూర్తిగా అదుపులోకి వచ్చింది 49 శాతం మందికే. ఆ మాత్ర తీసుకోనివాళ్ళలో 68 శాతం. పురుడుకీ చికిత్సకీ మధ్య ఆరు నెలలు దాటితే ఈ నష్టం చాలావరకు ఉండదని తర్వాత బోట్సువానాలో తేలింది. అయినా అప్పట్లో మన దేశంలో పెద్దలకి మొదట ఇచ్చే చికిత్సలో నెవిరపినే ముఖ్యం. అంటే బిడ్డని కాపాడడానికి తల్లికి ఇచ్చిన మాత్ర, తల్లి రేపు తినవలసిన మందు బలాన్ని తగ్గించే ప్రమాదం తెచ్చింది. ఇది ఎవరో కావాలని చేసిన ద్రోహం కాదు. ప్రశ్న వేసిన తీరే అలాంటిది. "బిడ్డకి సోకకుండా ఎలా?" అని అడిగిన చోట తల్లి జవాబులో ఒక సాధనం అవుతుంది, ప్రశ్నలో మనిషి కాదు.

ఈ సంగతి వైద్యుల్లో కొందరు మనకంటే ముందే పట్టుకున్నారు. 1985లో ఆలన్ రోజెన్‌ఫీల్డ్, డెబొరా మెయిన్ కలిసి, మాతాశిశు సంరక్షణ అనే పేరులో "మాత" ఎక్కడ అని అడిగారు. 2001లో రోజెన్‌ఫీల్డే, ఇంకో సహరచయితతో కలిసి, తల్లి నుంచి బిడ్డకి సోకకుండా చూసే కార్యక్రమాల గురించి అదే ప్రశ్న మళ్ళీ అడిగారు. పదహారేళ్ళ తర్వాత అదే ప్రశ్న అడగాల్సి వచ్చిందంటే మొదటిసారి ఎవరూ జవాబు చెప్పలేదనే అర్థం.

మన దేశం ఒక మాట మార్చింది. ప్రపంచంలో చాలాచోట్ల "తల్లి నుంచి బిడ్డకి" అంటుంటే, మన జాతీయ కార్యక్రమం "తల్లిదండ్రుల నుంచి బిడ్డకి" అని పేరు పెట్టుకుంది. నింద అంతా తల్లి మీద పడకుండా, తండ్రినీ లెక్కలోకి తేవాలని. మంచి మాట. కానీ ఫారాలు తెలుగు చేస్తున్నప్పుడు నేను చూసిందేమిటంటే, పేరులో ఉన్న తండ్రి పేజీల్లో లేడు. పరీక్ష ఆమెకి, రక్తం ఆమెది, తేదీలు ఆమెవి, హాజరు ఆమెది. భర్త గురించి రెండు గడులున్నాయి: పరీక్ష చేయించుకున్నాడా, ఏం పని చేస్తాడు. 2000ల మొదట్లో మన ఊళ్ళ గోడల మీద "పులిరాజాకి ఎయిడ్స్ వస్తుందా?" అని పెద్ద అక్షరాల్లో ఉండేది గుర్తుందా? బడికి వెళ్తూ పిల్లలమంతా నవ్వుకునేవాళ్ళం. నాకు గుర్తున్నంతలో ఆ గోడల మీద పులిరాజా భార్య లేదు. ఆమె మొదటిసారి కనబడింది ఆసుపత్రి రిజిస్టరులో, గర్భిణిగా. అంటే ఒక చోట మగవాడి కథలో ఆడది లేదు, ఇంకో చోట ఆడదాని కథలో మగవాడు లేడు. రెండు కథల మధ్య ఉన్న సంసారం మాత్రం ఎవరి కథా కాదు.

ఇక ముగింపు. మన కార్యక్రమంలో బిడ్డకి తుది పరీక్ష 18 నెలలకి. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు అప్పటికి బిడ్డ రక్తంలోంచి పోతాయి కాబట్టి ఆ గడువుకి వైద్యపరమైన కారణం ఉంది. కాని అదే కథకి కూడా గడువైపోయింది. బిడ్డకి లేదు అన్న వాక్యం దగ్గర అందరూ ఊపిరి పీల్చుకుని పుస్తకం మూసేస్తారు. ఆవిడకి ఆ రోజు ఏమైందో చెప్పింది. సంతోషంతో గుడికి వచ్చి కొబ్బరికాయ కొట్టిందట. తర్వాత నెల మందులకి వెళ్తే, ఇంతకుముందు పేరు పెట్టి పిలిచే అమ్మాయి పలకరించలేదట. "బాబుతో నా పనైపోనాది" అంది. ఆ "నా పని" అన్న మాట చాలా రోజులు నా చెవిలో ఉండిపోయింది.

2011 తర్వాత మన పూణేతో సహా ఏడు దేశాల్లో జరిగిన "ప్రామిస్" అధ్యయనంలో వేసిన ప్రశ్నల్లో ఒకటి ఇది: సొంత ఆరోగ్యానికి అప్పటికి మందులు అవసరం లేదనుకున్న స్త్రీకి, బిడ్డకి ప్రమాదం దాటాక, మందు కొనసాగించాలా, ఆపాలా? కొందరికి ఆపారు, కొందరికి కొనసాగించారు. అప్పటి నిబంధనల ప్రకారం అది తప్పు కాదు. 2015లో మరో పెద్ద అధ్యయనం, మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిదని తేల్చేసరికి ప్రామిస్‌లో ఉన్న స్త్రీలందరికీ మందులు వాడమని చెప్పారు. మన దేశంలో 2014 నుంచి గర్భిణికి పరీక్షలో హెచ్.ఐ.వి. ఉందని తెలిస్తే జీవితాంతం మందులివ్వడం విధానమైంది. పురుడుకి ఒక్క మాత్ర అనే కాలం పోయింది. ఇది నిజమైన మార్పు, ప్రాణాలు నిలబెట్టిన మార్పు.

అదే ప్రామిస్ ఇంకోటి కూడా చెప్పింది. మూడు మందులు కలిపి ఇస్తే బిడ్డకి సోకడం నూటికి 0.5 మాత్రమే, జిడోవుడిన్ పద్ధతిలో 1.8. అయితే మూడు మందుల వాళ్ళలో నెలలు నిండని పురుళ్ళు, బరువు తక్కువ బిడ్డలు ఎక్కువ. 1999లో ఫ్రాన్సు పరిశోధకులు, వైరస్ సోకకుండా, గర్భంలో ఉండగా మందుల ప్రభావానికి లోనైన ఎనిమిది మంది పిల్లల్లో కణశక్తికి సంబంధించిన లోపాన్ని చూశారు. ఇద్దరు చనిపోయారు. అరుదైన విషయం, కాని ఏళ్ళ తరబడి చూస్తే తప్ప తెలియనిది. అందుకే నాకు దీర్ఘకాల పరిశోధన కావాలి. నా ఫిర్యాదు వాళ్ళు వెంబడించారని కాదు, మధ్యలో వదిలేశారని. "లేదు" అని రాసిన పిల్లవాడి ఎత్తు, బరువు, చదువు కూడా తెలియాలి. వాడి తల్లి నలభయ్యో ఏట ఎలా ఉందో కూడా తెలియాలి.

తెలుసుకోవడానికీ శాసించడానికీ తేడా ఉంది. 2018 మేలో బోట్సువానా నుంచి ఒక హెచ్చరిక వచ్చింది. గర్భం వచ్చేనాటికే డోలుటెగ్రావిర్ వాడుతున్న 426 మంది స్త్రీలలో నలుగురి బిడ్డలకి మెదడు, వెన్నుకి సంబంధించిన లోపాలున్నాయని. అప్పటికి ఉన్నవాటిలో అదే మెరుగైన మందు. వెంటనే చాలాచోట్ల "గర్భం దాల్చగల వయసు" స్త్రీలందరికీ దాన్ని ఆపేశారు, ఇవ్వడం మానేశారు. గర్భిణులకే కాదు, పిల్లలు వద్దనుకున్నవాళ్ళకీ. ఆ జూలైలోనే ఆఫ్రికాలో హెచ్.ఐ.వి.తో జీవిస్తున్న స్త్రీలు కిగాలీలో కూర్చుని, ప్రమాదం ఏమిటో మాకు చెప్పండి, ఎంచుకునేది మేము అన్నారు. ఏడాది తిరిగేసరికి లెక్క 1683 మందిలో అయిదుగురికి దిగింది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ స్త్రీలతో సహా అందరికీ ఆ మందునే సూచించింది. శాస్త్రం తన లెక్కని తాను సరిచేసుకుంది. "కాబోయే తల్లి" అన్న చూపుని మాత్రం సరిచేయమని అడగవలసి వచ్చింది స్త్రీలే.

ఈ అడగడం మనకి కొత్త కాదు. 1985లో హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ఇవ్వడానికి స్త్రీలని పోగుచేసినప్పుడు, అది ప్రయోగమని వాళ్ళకి తెలియదని స్త్రీశక్తి సంఘటన సభ్యులు కళ్ళారా చూశారు. 1986లో సహేలీ వంటి సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకి వెళ్ళారు. పాతికేళ్ళు తిరక్కుండానే, 2009లో ఖమ్మం జిల్లాలో వేలమంది బాలికలకి హెచ్.పి.వి. టీకా వేసినప్పుడు, హాస్టల్లో ఉన్న పిల్లల తరఫున చాలాచోట్ల వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో ఆ ప్రాజెక్టు ఆగింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. ఇప్పుడు 2017 నాటి హెచ్.ఐ.వి. చట్టం ఉంది. 2018 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. పరీక్షకైనా, చికిత్సకైనా, పరిశోధనకైనా తెలిసి ఇచ్చిన అంగీకారం ఉండాలంటుంది. చట్టం మంచిదే. కాని ఆ అంగీకార పత్రాన్ని తెలుగు చేసిన చేత్తో చెబుతున్నాను, అందులో "నేను" అనే సర్వనామం నూటికి నూరుపాళ్ళు కల్పితం. "నాకు అర్థమయ్యే భాషలో వివరించారు, నా ప్రశ్నలన్నిటికీ సమాధానాలు ఇచ్చారు, నేను స్వచ్ఛందంగా..." అని సాగే ఆ ఆత్మకథని రాసింది ఒక కమిటీ, తెలుగు చేసింది నేను. సంతకం మాత్రం ఆవిడది. ఒక స్త్రీ ఉత్తమపురుషలో ఇంకెవరో ఇంత ధైర్యంగా రాసిన రచన మన సాహిత్యంలో కూడా అరుదు.

మరి మన సాహిత్యం? కొండేపూడి నిర్మల "లేబర్ రూమ్", పాటిబండ్ల రజని "అబార్షన్ స్టేట్‌మెంట్" వచ్చినప్పుడు, ఆసుపత్రి బల్ల మీద పడుకున్న స్త్రీ మొదటిసారి తనే మాట్లాడింది. డాక్టరు కేసు షీటులో చోటు లేనిది కవిత్వంలోకి వచ్చింది. హెచ్.ఐ.వి. దగ్గరికి వచ్చేసరికి మనం ఎందుకో మళ్ళీ ప్రథమపురుషలోకి వెళ్ళిపోయాం. శ్రీకాకుళం కథానిలయంలో కూర్చుని ఈ విషయం మీద కథలు వెతికి చదివాను. నేను చదివినవాటిలో చాలావాటిలో ఆ స్త్రీ అమాయకురాలు, భర్త దుర్మార్గుడు, చివరి పేజీలో ఆమె చనిపోతుంది, లేదా బిడ్డకి లేదని తెలిసి కన్నీళ్ళతో నవ్వుతుంది. దయ ఉంది, కోపం ఉంది, సోమవారం పొద్దున్న మందులకి సెలవు ఎలా అడగాలి అన్న ప్రశ్న లేదు. పాలు ఎందుకివ్వట్లేదని అడిగిన ఆడపడుచుకి ఏం చెప్పాలో లేదు. రిజిస్టరు 18 నెలలకి ఆపితే మన కథకులం కన్నీటి దగ్గర ఆపాం. ఇద్దరం ఆపింది బతుకు మొదలయ్యే చోటే. 1986లో "మనకు తెలియని మన చరిత్ర" తెచ్చిన భాష మనది. పోరాటంలో ఉన్న స్త్రీలని వాళ్ళ మాటల్లోనే వినడం నేర్పిన పుస్తకం అది. ఆ చెవి ఇక్కడ ఎందుకు పనిచేయలేదు?

అంకెల్లో కూడా వినగలిగేవి ఉన్నాయి. ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లా బత్తలపల్లిలో ఆర్.డి.టి. ఆసుపత్రి ఆధారంగా విన్సెంట్ ఫెర్రర్ పేరుతో ఒక హెచ్.ఐ.వి. కోహార్ట్ అధ్యయనం జరిగింది. 2012లో దాన్నుంచి వచ్చిన ఒక పత్రం, మగవాళ్ళతో పోలిస్తే స్త్రీలలో వితంతువులు, చదువురానివాళ్ళు ఎక్కువని చూపింది. ఆ పట్టికని చదివితే నాకు నవల కనబడింది. ముందు భర్త పోయాడు, తర్వాత ఆమెకి తెలిసింది, తర్వాత అత్తింట్లో చోటు పోయింది. పట్టికకి ఇవన్నీ చెప్పే పని లేదు. మనకుంది.

ఆ రోజు లేచేముందు, ఇదంతా రాయొచ్చా అని అడిగాను. "పేరెట్టకు. ఊరెట్టకు. మిగతాది రాసుకో" అంది. అదే నేను విన్న అసలైన అంగీకార పత్రం. షరతులు ఆమెవి, మాటలు ఆమెవి. ఇన్నేళ్ళూ రాయలేదు. థీసిస్ పని పడింది, ఉద్యోగం వెతుక్కున్నాను, ఊరు మారాను. ఆవిడ నంబరు పనిచేయడం మానేసింది. ఒకసారి ఆ ఊరి బస్సు ఎక్కబోయి ఆగిపోయాను. కొత్తమనిషి వస్తే ఊరంతా అడుగుతుందని చెప్పింది కదా. వెతకడం కూడా ఆమెకి ప్రమాదమే అని నాకు నేను చెప్పుకున్నాను. అందులో ఎంత జాగ్రత్తో, ఎంత బద్ధకమో నాకే సరిగ్గా తెలియదు. బాబుకి ఇప్పుడు పదిహేను దాటి ఉంటాయి.

ఆ గడికి పెట్టిన పేరు మాత్రం మార్చాను. ఇప్పుడు విద్యార్థులకి అనువాదం చెప్పేటప్పుడు ఆ పాత ఫారం ఇస్తాను. "జాడ తెలియనివారు" కొట్టేసి, కింద "మేము వెళ్ళడం మానేసినవారు" అని రాసి ఉంటుంది. ఒకమ్మాయి అడిగింది, ఈ "మేము"లో మీరూ ఉన్నారా మేడమ్ అని. ఉన్నానన్నాను.